వార్టనస గోత్రం

మొన్న ఒక శుభలేఖ వచ్చింది. వరుడి పేరు కింద బంగారు అక్షరాలతో 'ఎం.బి.ఎ., వార్టన్' అని అచ్చు వేయించారు. వధువు పేరు దానికన్నా చిన్న అక్షరాల్లో ఉంది. పెళ్ళిలో వరుడి తండ్రిగారు నా మోచెయ్యి పట్టుకుని, అమెరికాలోని ఆ బిజినెస్ స్కూల్లో చదివిన ప్రముఖుల పేర్లు వరసగా అప్పజెప్పారు. పురోహితుడు చెప్పే ప్రవర ఒక్కరూ వినలేదు, ఈయన ప్రవరకు మాత్రం పదిమంది మూగారు.

చెప్పేదేదో శాస్త్రోక్తంగానే చెప్పవచ్చు కదా! 'ట్రంప్, మస్క్, అనిల్ అంబానీ త్రయార్షేయ ప్రవరాన్విత వార్టనస గోత్రోద్భవస్య...' మూడో ఋషి 2020లో తన నికర ఆస్తి సున్నా అని లండన్ కోర్టుకు విన్నవించుకున్నారు. ఋషి అంటే అలా ఉండాలి, సర్వసంగ పరిత్యాగి.

ముగ్గురు చాలరనుకుంటే పంచార్షేయం చేసుకోవచ్చు. వాల్ స్ట్రీట్ బాండ్ల వ్యాపారి మైకేల్ మిల్కెన్ 1990లో ఆరు నేరాలు ఒప్పుకుని జైలుకు వెళ్ళారు. 2020లో మొదటి ఋషి ఆయనకు క్షమాభిక్ష పెట్టారు. సగోత్రీకుల మధ్య ఆ మాత్రం అభిమానం ఉండవద్దూ? మదుపు నిధి నడిపిన రాజ్ రాజరత్నానికి ఇన్‌సైడర్ ట్రేడింగ్, అంటే కంపెనీల లోపలి రహస్యాలు తెలుసుకుని షేర్ల వ్యాపారం చేసిన కేసులో 2011లో పదకొండేళ్ళ శిక్ష పడింది. ఆయనకు లోపలి కబుర్లు చేరవేశానని ఒప్పుకున్న కంపెనీల సలహాదారు అనిల్ కుమార్‌దీ ఇదే గోత్రం. మన గచ్చిబౌలిలో ఐ.ఎస్.బి. అనే బిజినెస్ స్కూలు పెట్టడానికి నడుం కట్టినవారిలో ఆయన ఒకరు.

ఇక మూలపురుషుడు జోసెఫ్ వార్టన్. ఫిలడెల్ఫియాలో క్వేకర్లనే నిరాడంబర క్రైస్తవ శాఖవాడు. జింకులో, నికెల్‌లో, ఉక్కులో గడించి, 1881లో లక్ష డాలర్లిచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఈ స్కూలు పెట్టించారు. అమెరికా నాణేలకు నికెల్ అమ్మేదీ ఆయనే, విదేశీ సరుకు మీద సుంకాలు వేయాలని పోరు పెట్టేదీ ఆయనే. ఆ సుంకాల మహిమను పాఠంగా చెప్పాలని దానపత్రంలోనే రాశారు. 2025లో భీమవరం రొయ్య మీద 50 శాతం సుంకం పడితే ట్రంప్‌ను తిట్టిపోశాం కానీ, పాపం, అది గోత్రాచారం. ఫిలడెల్ఫియాకు నీళ్ళు తరలిద్దామని ఈ మూలపురుషుడు పక్కనున్న న్యూజెర్సీలో లక్ష ఎకరాల దాకా కొంటే, నీళ్ళు పొలిమేర దాటకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసిందట. తెలుగువారికి ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు.

దానపత్రంలో ఇంకో మాట కూడా ఉంది. మోసగాళ్ళను, నమ్మకద్రోహులను, ప్రజాధనం కాజేసేవారిని చట్టం శిక్షించాలి, సంఘం వెలివేయాలి అని విద్యార్థుల మనసుకు ఎక్కించాలట.

ఆ పత్రం చేత పట్టుకుని ముసలాయన ఈ పెళ్ళికే వచ్చాడనుకుందాం. నల్లకోటు, తెల్లగడ్డం. గోత్రీకులందరూ బంతిలో కూర్చున్నారు, పప్పు వడ్డిస్తున్నారు. ఈయన ఒక్కొక్క విస్తరి దగ్గరా ఆగి, 'నీకెన్నేళ్ళు పడింది నాయనా?' అని అడిగి, అంకె చెప్పినవారిని లేవమంటాడు. వాళ్ళు లేవరు. నెయ్యి పోసే కుర్రాడు ఈయన వెనక చిక్కుకుపోతాడు. ఫోటోగ్రాఫరు 'పెద్దాయనా, కాస్త పక్కకు, ఋషిగారు పడటం లేదు' అని కసురుతాడు. చివరికి ఎవరో దయతలచి ఆయన చేతిలో తాంబూలం సంచి పెట్టి గుమ్మం దాకా సాగనంపుతారు.

ఆ పీఠం ఎవరినీ వెలివేయలేదని మాత్రం అనకండి. వేసింది, 1915లో. పేరు స్కాట్ నియరింగ్, అక్కడే అర్థశాస్త్రం చెప్పే పంతులు. మోసం చేశాడా? లేదు. పైసా కాజేశాడా? లేదు. గనుల్లో, మిల్లుల్లో పసిపిల్లల చేత చాకిరీ చేయించవద్దన్నాడు! బడికి వెళ్ళవలసిన పిల్లలు పొద్దస్తమానం నడుం వంచి బొగ్గులో రాళ్ళు ఏరుతూ, యంత్రాల్లో వేళ్ళు పోగొట్టుకునే రాష్ట్రం ఆ పెన్సిల్వేనియా. అది తప్పు అన్నందుకు ధర్మకర్తలు కారణమైనా చెప్పకుండా ఉద్యోగం ఊడబెరికారు. సిగ్గు లేదూ? వేళ్ళు తెగిన పిల్లల పక్షాన నిలబడినవాడు వెలికి తగినవాడు; మదుపరుల కళ్ళు కప్పినవాడు శుభలేఖకు ఎక్కదగినవాడు!

ఉండబట్టలేక వరుడి తండ్రిగారితో ఈ పేరు ప్రస్తావించాను. ఆయన అక్షింతలు దోసిట్లో పట్టుకుని కాసేపు ఆలోచించారు.

"నియరింగా? ఏ కంపెనీ అండీ ఆయనది?"