గొడవ తప్ప ఏమీ లేదా?
సియాటిల్ సిటీ కౌన్సిల్‌లో సోషలిస్టు సభ్యురాలు క్షమా సావంత్ పదేళ్లూ గొడవలతోనే గడిపారని వ్యాసంలో రాశారు. గొడవ చేసిన మాట నిజమే, కానీ సాధించింది కూడా చెప్పాలి కదా. 2014 జనవరిలో పదవిలోకి వచ్చారు, జూన్‌కల్లా గంటకు 15 డాలర్ల కనీస వేతనానికి కౌన్సిల్ ఓటేసింది. అది ఆమె ఒక్కరి ఘనత కాదనుకోండి, అయినా వీధుల్లో ఒత్తిడి పెంచింది ఆమె వర్గమే. 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరం సియాటిల్ అయిందంటే, ఆ బిల్లు తెచ్చిందీ ఆమే. ఇక్కడి మనవాళ్ల పాట్‌లక్‌లో (తలా ఒక వంటకం తెచ్చుకునే విందులో) ఇంటిపేరు చెప్పగానే "అయితే మీరేమిట్లు?" అని అడిగించుకున్నవాణ్ని, నాకైతే అది అనవసరమైన చట్టం అనిపించలేదు. తోటి సభ్యులతో పొసగనివ్వకపోవడం మాత్రం ఆమె లోపమే. 2021లో ఆమెను మధ్యలోనే పదవి నుంచి దించాలా అని జరిగిన రీకాల్ ఎన్నికలో మూడొందల చిల్లర ఓట్ల తేడాతోనే గట్టెక్కారు మరి.