కాలు ముందెళ్లింది, బావ ఆగాడు

విమానాశ్రయంలో ప్రాధాన్యం ఎవరికి దక్కుతుందో మొన్ననే తెలిసింది. మా బావకి కాదు, బావ కాలికి.

బావకి ఎడమ మోకాలి కింద ఉన్నది జైపూర్ కాలు, అంటే కృత్రిమ కాలు. జేబులో ప్రభుత్వం ఇచ్చిన యూడీఐడీ కార్డు, అదే దివ్యాంగుల గుర్తింపు కార్డు. అక్క, పిల్లలు, నేను వెంట ఉన్నాం. 'ప్రయారిటీ' బోర్డున్న లైన్లోకి వెళ్లబోతే, అక్కడున్నాయన ఆ కార్డుని శుభలేఖలా అటూ ఇటూ తిప్పి చూసి "బిజినెస్ క్లాసా సార్?" అన్నాడు. నిజమే, కాలు లేనివాడికి తొందరేముంటుంది!

తనిఖీ దగ్గర తెర వెనక కూర్చోబెట్టి కాలు తీయమన్నారు. తీశాడు. సాక్సు, బూటుతో సహా అది ట్రేలో పడుకుని, ముందు ఎవరిదో లాప్‌టాప్, వెనక అక్క అరిసెల డబ్బా, ఊరేగింపుగా ఎక్స్‌రే మిషన్లోకి వెళ్లి అవతల దర్జాగా తేలింది. "అమ్మా, నాన్న కాలు వెళ్లిపోతోంది!" అని చిన్నోడు కేకేశాడు. పరుగెత్తి ట్రే పట్టుకున్నాను.

"మీదేనా సార్?"

"మా బావది."

"అయితే ఆయనొచ్చి తీసుకోవాలి."

"ఎలా వస్తాడండీ? కాలు ఇక్కడుంది కదా!"

"రూలు సార్."

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురిని అడిగాను. అక్కడ విమానాశ్రయ తనిఖీలు చేసే టీఎస్ఏ వాళ్ల సహాయ విభాగం 'టీఎస్ఏ కేర్స్‌'కి 72 గంటల ముందు ఫోన్ చేస్తే తనిఖీలో సాయం ఏర్పాటు చేస్తారట. బాగుంది. ఇంట్లో చావులు కూడా మూడు రోజుల ముందే కబురు పెట్టి జరిగితే సరిపోతుంది.

ఇక నవ్వలేను. 'మయూరి' అని మనం నెత్తిన పెట్టుకున్న సుధా చంద్రన్, కృత్రిమ కాలితో నాట్యమాడిన మనిషి, 2021 అక్టోబరులో వీడియో పెట్టి ప్రధానిని వేడుకోవాల్సి వచ్చింది. ప్రతిసారీ కాలు తీయించకండి, మాకో కార్డు ఇవ్వండి అని. విమానాశ్రయాల భద్రత చూసే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. అసాధారణ పరిస్థితుల్లో మాత్రమే తీయించాలన్నది పద్ధతి అనీ చెప్పింది. మరి లెక్కల మాస్టారైన మా బావలో ఏం అసాధారణం కనిపించిందయ్యా? పేలుడు పదార్థాల జాడ పట్టే పరికరం పక్కనే ఉందిగా, దాంతో తుడిచి చూడొచ్చుగా? పిల్లలు బయట నిలబడి ఉండగా తండ్రి కాలు ఊడదీయించడానికి సిగ్గనిపించలేదా?

చివరికి ఎవరో పెద్దాయన కల్పించుకుంటే కాలు బావ దగ్గరికి వచ్చింది. బావ బెంచీ మీద కూర్చుని ఒక్కో పట్టీ బిగించుకుంటున్నాడు. ప్రయారిటీ లైన్లోంచి వచ్చినాయన వాచీ పెట్టుకుంటూ అన్నాడు:

"కొంచెం త్వరగా కానివ్వండి సార్, బెంచీ మాకూ కావాలి."