ఐచ్ఛికం అన్నారు కదా అని ఊరుకుంటామా?

దేశంలో బడ్జెట్ మీద రాసేవాళ్లకు లోటు లేదు. క్రికెట్ మీద రాసేవాళ్ల సంగతి సరేసరి. సిగ్రున్ అనే ఆవిడ గురించి మాత్రం ఇంతవరకు ఒక్క పత్రికా సంపాదకీయం రాసిన పాపాన పోలేదు. 2018 ఏప్రిల్ 20న ‘గాడ్ ఆఫ్ వార్’ అనే వీడియో గేమ్ ప్లేస్టేషన్ 4 మీద విడుదలైన నాటి నుంచి ఈవిడ చేతిలో తన్నులు తిన్న పౌరులు లోకమంతటా ఉన్నారు. పగటిపూట చూస్తే అందరిలాగే ఉంటారు. ఆఫీసుకెళ్తారు, ఈఎంఐలు కడతారు, పిల్లల ఫీజు గురించి బెంగపెట్టుకుంటారు. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక మాత్రం, రెక్కలున్న ఒక స్త్రీ గాల్లోకి లేచి ‘వల్హల్లా’ అని అరుస్తూ సూటిగా వీళ్ల నెత్తి మీదకు దూకుతుంది. దీన్ని ప్రజా సమస్యగా గుర్తించడంలో ఇప్పటికే చాలా ఆలస్యం జరిగింది.

తెలియనివారి కోసం కథ రెండు ముక్కల్లో. గేమ్‌లో మనం ఆడించే క్రేటోస్ గ్రీకుల యుద్ధదేవుడు. సొంత ప్రాంతంలో దేవతల్ని దాదాపు ఖాళీ చేశాక, అక్కడ ఉండబుద్ధి కాక ఉత్తర ఐరోపాకు, అంటే ఓడిన్, థోర్ అనే దేవుళ్లు ఏలుతున్న చోటికి వలస వచ్చాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు, భార్య పోయింది. అన్ని లోకాల్లోకీ ఎత్తైన శిఖరం మీద తన బూడిద చల్లమన్నది ఆమె ఆఖరి కోరిక. ఇంకా బయల్దేరకముందే ఓడిన్ కొడుకు బాల్డర్ ఇంటి మీదకొచ్చి కలబడతాడు. భార్య అస్థికల సంచి నడుముకు వేలాడుతోంది, పక్కన పసివాడున్నాడు, దేవతలు వెంటపడ్డారు. ఇంతకంటే అర్జెంటు పని మనిషికి ఉండదు.

అలాంటి మనిషిని కంట్రోలర్ పట్టుకుని మనం ఏం చేస్తాం? అస్థికలు తీసుకుని కాశీకి బయల్దేరి, దారిలో ప్రతి స్టేషన్‌లో దిగి, ఆ ఊరి పహిల్వాన్ ఇల్లెక్కడో కనుక్కుని, తలుపు తట్టి మరీ కుస్తీకి పిలిచే మనిషిగా తయారుచేస్తాం. పైగా పిల్లవాడి కళ్లెదుటే.

ఈ పహిల్వాన్లు తొమ్మండుగురు. వాల్కిరీలంటారు. మొదటి ఎనిమిది మందీ వేర్వేరు లోకాల్లో తలో మూల దాక్కుని ఉంటారు. ఒకావిడ ఆల్ఫ్‌హైమ్‌లో, ఒకావిడ హెల్‌హైమ్‌లో, ఒకావిడ నిప్పులు కురిసే ముస్పెల్‌హైమ్‌లో, ఒకావిడ విషపు మంచు కమ్మిన నిఫ్ల్‌హైమ్‌లో, మిగతావాళ్లు మనుషుల లోకమైన మిడ్‌గార్డ్‌లో ‘ఓడిన్ రహస్య గదులు’ అనే చోట్ల. ఎనిమిది మందినీ ఓడించి, వాళ్ల శిరస్త్రాణాలు తెచ్చి, ఖాళీగా ఉన్న ఎనిమిది గద్దెల మీద పెడితే అప్పుడు తొమ్మిదో ఆవిడ వస్తుంది. మహారాణి సిగ్రున్. వీళ్లలో ఏ ఒక్కరినీ పలకరించకుండానే కథ పూర్తి చేసుకోవచ్చు. అందుకే ఐచ్ఛికం అంటారు.

ఈ ఐచ్ఛికం ఎంత స్వచ్ఛమైనదో కొంచెం చూద్దాం. ప్లేస్టేషన్‌లో ఒక్కో ఘనకార్యానికి ఒక్కో ట్రోఫీ ఇస్తారు. వాటిలో ప్లాటినం ట్రోఫీ అని ఒకటుంది. అది రావాలంటే మిగతా ట్రోఫీలన్నీ రావాలి. వాటిలో ‘చూజర్ ఆఫ్ ద స్లెయిన్’ అనేది ఒకటి. అది రావాలంటే తొమ్మిది మందినీ కొట్టాలి. బలవంతమేమీ లేదు. మీ ఇష్టం. ప్రొఫైల్‌లో వంద శాతానికి చేరకుండా ఆగిపోయిన గీతను మీ జీవితాంతం మీ స్నేహితులందరూ చూస్తారు, అంతే.

మ్యాప్ చేసే పని ఇంకా గొప్పది. ఒక ప్రాంతం మీదకెళ్తే అక్కడ ఏమేం దొరుకుతాయో పద్దు రాసి చూపిస్తుంది. పెట్టెలు ఇన్నిట్లో ఇన్ని, కాకులు ఇన్నిట్లో ఇన్ని, రహస్య గది ఒకటికి సున్నా. రహస్యానికి పద్దు పెట్టిన పాలనా వ్యవస్థ ఓడిన్‌ది. గది ఉందని చెప్పడు, లేదనీ చెప్పడు, సున్నా అని చూపిస్తాడు. ఆ సున్నాను భరించగల గుండె ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

కాకులన్నాను కాబట్టి ఒక చిన్న పరిపాలనా విషయం. ఉత్తరాది దేవతల కథలున్న పాత ఎడ్డా గ్రంథాల్లో ఓడిన్‌కు ఉన్నవి రెండే కాకులు, హుగిన్, మునిన్. రోజూ లోకమంతా తిరిగి వార్తలు మోసుకొస్తాయి. గేమ్‌లో మనం కొట్టాల్సిన కాకులు 51. నిఘా శాఖలో ఇన్ని కొత్త పోస్టులు ఎప్పుడు మంజూరయ్యాయో, నోటిఫికేషన్ ఎవరిచ్చారో ఏ గ్రంథంలోనూ లేదు.

ఇక గదుల్లోకి చొరబడే పద్ధతి. తాముర్ అనే మహాకాయుడి శవం దగ్గరికి తండ్రీకొడుకులు ఎంతో కష్టపడి వెళ్లి మాయ ఉలి ముక్క తెస్తారు. తెచ్చింది మహాకాయుల లోకమైన జోతున్‌హైమ్‌కు దారి తెరవడానికి, అంటే ఆ ఇల్లాలి ఆఖరి కోరిక తీర్చడానికి. తెచ్చాక ఆ ఉలితో ముందుగా పరాయివాళ్ల తలుపులు తెరుస్తాం. లోపల ఒకావిడ రెక్కలు ముడుచుకుని తన మానాన తాను ఉంటుంది. చట్టం తెలిసినవాళ్లు దీన్ని ఏమంటారో నాకు తెలుసు. కానీ క్రేటోస్ నడుముకు మిమిర్ అనే తల వేలాడుతూ ఉంటుంది. మొండెం లేదు, తెలివికి కొదవ లేదు. ఆయన వివరణ ప్రకారం ఓడిన్ శాపం వల్ల వాల్కిరీలు ఈ శరీరాల్లో ఇరుక్కుపోయి మతి చలించి ఉన్నారు, ఆ శరీరాలను పడగొడితే వాళ్లకు విముక్తి. కాబట్టి ఇది దౌర్జన్యం కాదు, సంక్షేమ కార్యక్రమం. లబ్ధిదారులు గొడ్డలి దెబ్బలకు ఎదురు తిరుగుతున్నారంటే అది వాళ్లలో అవగాహన లేకపోవడం వల్లే.

లబ్ధిదారులెవరో కూడా తెలుసుకోవాలి. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ రాసిన ఎడ్డాలో ఏర్ అనే దేవత ఉంది. వైద్యుల్లో ఉత్తమురాలని ఆమెకు పేరు. గేమ్‌లో అదే పేరున్న ఆవిడ కొండ లోపలి గదిలో కూర్చుని, వచ్చినవాడి ఎముకలు విరగ్గొట్టి పంపిస్తుంది. స్పెషలిస్టు డాక్టర్ కాబట్టి ఎక్కడ కొడితే లేవడో బాగా తెలుసు. ఎడ్డా పద్యగాథల్లో సిగ్రున్ అంటే హెల్గీ అనే వీరుణ్ని ప్రేమించిన స్త్రీ. ఆమే తర్వాతి జన్మలో కారాగా పుట్టిందని అక్కడొక మాట ఉంది. గేమ్‌లో కారా అనే వాల్కిరీని ముందు కొడతాం, సిగ్రున్‌ను చివర్లో కొడతాం. అంటే వచ్చే జన్మలో మనిషిని ముందుగా కొట్టి, ఆ తర్వాత ఈ జన్మలో మనిషి దగ్గరికి వెళ్తాం. ఆవిడకు కోపం రాదా మరి?

అయితే అందరికంటే ఎక్కువగా నమస్కరించాల్సింది హిల్డ్ అనే వాల్కిరీకి. పాత గాథల్లో ఆ పేరున్న ఒక రాకుమారి ఉంది. ఆమె తండ్రికీ ఆమెను ఎత్తుకెళ్లినవాడికీ మధ్య యుద్ధం జరుగుతుంది. పగలంతా సైనికులు చస్తారు, రాత్రి ఆమె మంత్రం వేసి చచ్చినవాళ్లందరినీ లేపుతుంది, పొద్దున్నే మళ్లీ కొట్టుకుంటారు. ఇది రాగ్నరోక్ అనే ప్రళయం దాకా ఇలాగే సాగుతుందని రాశారు. గేమ్ కంపెనీలు చచ్చినవాణ్ని లేపి మళ్లీ ఆడించే చెక్‌పాయింట్ అనే దాన్ని తామే కనిపెట్టామనుకుంటున్నాయి. ఐస్‌లాండ్‌వాళ్లు దాన్ని ఎప్పుడో తోలు మీద రాసిపెట్టారు.

చావు ప్రస్తావన వచ్చింది కాబట్టి అట్రియస్ సంగతి కూడా చెప్పాలి. చేతిలో పునర్జన్మ రాయి ఉంటే, తండ్రి కుప్పకూలినప్పుడు కొడుకే వచ్చి లేపుతాడు. ఒలింపస్‌ను కూల్చిన దేవుణ్ని ఒక పసివాడు పైకి లేపుతాడు, రెండు సెకన్లలో సిగ్రున్ మళ్లీ పడగొడుతుంది. కథంతా ‘బాయ్’ అని గద్దించే ఆ తండ్రికి కొడుకు ముందు ఇంతకంటే పరువు తక్కువ పని ఏ రాక్షసుడి చేతిలోనూ జరగలేదు. పిల్లవాడు మాత్రం ఒక్క మాట కూడా ఎత్తిపొడవడు. పెంపకం అలాంటిది.

బయట ప్రపంచంలో అంత సంస్కారం దొరకదు. మీరు సిగ్రున్ దగ్గర ఆగిపోయారని పొరపాటున ఎక్కడైనా నోరు జారితే చాలు, వెంటనే ఒకాయన తయారవుతాడు. ‘ఆవిడా? చాలా ఈజీ బ్రో. డాడ్జ్ చేస్తే సరిపోతుంది.’ తుఫానులో చిక్కుకున్నవాడికి తడవకుండా ఉంటే సరిపోతుందని చెప్పినట్టే. ఆవిడ కొట్టేముందు ఎరుపు రింగు వస్తే డాలు పనికిరాదు, పసుపు రింగుకు డాలు అడ్డం పెడితే అదే పక్కకు ఎగిరిపోతుంది. ఈ ట్రాఫిక్ రూల్సన్నీ తెలిసిన ఆ పెద్దమనిషి కూడా మొదటిసారి ఆవిడ చేతిలో చచ్చే ఉంటాడు. దాన్ని మాత్రం వీడియోలోంచి ఎడిట్ చేసి తీసేస్తాడు.

2022 నవంబర్ 9న ఈ గేమ్‌కు తర్వాతి భాగం ‘రాగ్నరోక్’ వచ్చింది. ఈసారి సమస్యను సమాధుల శాఖకు బదిలీ చేశారు. లోకాల్లో అక్కడక్కడా బెర్సెర్కర్ల, అంటే పూనకం వచ్చినట్టు పోరాడే యోధుల, సమాధిరాళ్లుంటాయి. నిద్రపోతున్నవాళ్లను లేపి మరీ తన్నించుకోవాలి. చివర్లో వాళ్ల రాజు హ్రోల్ఫ్. కథ ముగిశాక, ఇంకా ఓపికుంటే, ముస్పెల్‌హైమ్‌లో గ్నా అనే కొత్త వాల్కిరీ రాణి. స్నోరి గ్రంథంలో ఈ గ్నా ఫ్రిగ్ దేవత పంపిన పనుల మీద గుర్రమెక్కి తిరిగే దూత. నిజానికి కొరియర్ ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి తలుపు తీసినవాణ్ని ఇంత గట్టిగా కొట్టడం చరిత్రలో ఇదే మొదలు.

హ్రోల్ఫ్ డెన్మార్క్ గాథల్లో గొప్ప రాజు. ఆయన కొలువులో పన్నెండు మంది బెర్సెర్కర్లుండేవారు. ఆయన గురించి ఒక ముచ్చటుంది. స్వీడన్ రాజు అడిల్స్ మనుషులు ఉప్సల దగ్గర ఫ్యూరిస్ మైదానంలో తరుముకొస్తుంటే, హ్రోల్ఫ్ గుర్రం మీంచే బంగారాన్ని విత్తనాల్లా దారి పొడవునా చల్లుకుంటూ పోయాడు. తరిమేవాళ్లు గుర్రాలు దిగి ఏరుకోవడంలో పడ్డారు. రాజు తిట్టినా వినలేదు. చివరికి ఆ రాజు కూడా, తన ఇంటి పాత నగ ఒకటి నేల మీద మెరుస్తూ కనిపించేసరికి, వెంటపడ్డ శత్రువును వదిలేసి ఈటె మొనతో దాన్ని పైకి తీయడానికి వంగాడు. స్వీడన్‌లోకెల్లా గొప్పవాణ్ని పందిలా వంగేట్టు చేశానని హ్రోల్ఫ్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇన్ని వందల ఏళ్ల తర్వాత ఆయన సమాధి ముందు మనం ఎందుకు నిలబడ్డామో ఆయనకు బాగా అర్థమై ఉంటుంది. దారిలో ఏది మెరిసినా దిగి ఏరుకునే జాతి తన వెంటే వస్తోందని అప్పుడే పసిగట్టాడు. బహుశా అందుకే అంత కసిగా కొడతాడు.

ఇంత చేశాక వచ్చేదేమిటని అడిగే ప్రాపంచికులు కొందరుంటారు. వస్తుంది. అందరికంటే బలమైన బాస్‌ను ఓడించినవాడికి బలమైన వస్తువులు చేతికొస్తాయి. వాటితో కొట్టడానికి అప్పటికి ఎవరూ మిగిలి ఉండరు. ఈ బాధ గ్రహించే కాబోలు, 2018 ఆగస్టులో న్యూ గేమ్ ప్లస్ తెచ్చారు. సంపాదించినదంతా వెంటబెట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు. తలుపులన్నీ మళ్లీ మూసుకుని ఉంటాయి. మ్యాప్‌లో మళ్లీ సున్నా.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వం ముందు కొన్ని సూచనలు. సిగ్రున్ దగ్గర ఆగిపోయిన ఉద్యోగికి కనీసం ఒక పూట సెలవు, వీలైతే జీతంతో. భోజనానికి పిలిచినప్పుడు ఆవిడ ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్ చివరి అంగుళంలో ఉంటే, పిలిచినవారు రెండు నిమిషాలు ఆగాలని ఒక జీవో. ‘డాడ్జ్ చేస్తే సరిపోతుంది’ అనే వ్యాఖ్యను హింసను ప్రేరేపించే మాటల జాబితాలో చేర్చడం.

చివరగా ఒక సున్నితమైన అంశం. 2018 గేమ్‌లో కష్టం స్థాయిని మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ‘గివ్ మీ గాడ్ ఆఫ్ వార్’ అనే అత్యున్నత స్థాయి ఎంచుకున్నవాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు, అది వాళ్లు కోరి తెచ్చుకున్నది. మిగతావాళ్లు సిగ్రున్ ముందు మెనూ తెరిచి, అటూ ఇటూ చూసి, అన్నిటికంటే తేలిక స్థాయికి దిగి, పని ముగించి, మళ్లీ పాత స్థాయికి ఎక్కేసి మర్నాడు ఆఫీసులో ఛాతీ విరుచుకుని తిరగవచ్చు. అలా చేసేవాళ్లున్నారని విన్నాను. ట్రోఫీ మీద తేదీ ఉంటుంది, సమయం ఉంటుంది, ఏ స్థాయిలో కొట్టారో ఉండదు. ఈ విషయంలో ప్లేస్టేషన్ సంస్థ చూపిన విశాల హృదయానికి పౌర సమాజం తరఫున కృతజ్ఞతలు.