అప్పట్లో సైజంటే సైజేనా?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "పాత రోజుల్లో సైజంటే సైజే, ఎక్కడ కొన్నా ఒకేలా సరిపోయేది. ఇప్పుడు బ్రాండ్లు మనల్ని మురిపించడానికి పెద్ద బట్టకు చిన్న నంబరు వేసి మోసం చేస్తున్నాయి. మార్లిన్ మన్రో సైజు 16 వేసుకునేది, అంటే ఆవిడ కూడా బొద్దుగానే ఉండేది. మగవాళ్ళ ప్యాంట్లలో ఈ మోసం కుదరదు, అక్కడ అంగుళాలు రాసి ఉంటాయి. కింద ఇచ్చిన పట్టిక సేవ్ చేసుకుంటే ఏ బ్రాండ్‌లోనైనా మీ సైజు తెలిసిపోతుంది. ఒకే సైజు ఉండాలని చట్టం చేస్తే ఈ దోపిడీ ఆగుతుంది."

ఇందులో కోపం న్యాయమైనదే. ఒకే నంబరున్న రెండు ప్యాంట్లు ట్రయల్ రూమ్‌లోకి తీసుకెళ్తే, ఒకటి తొడ దగ్గరే ఆగిపోయి, ఇంకోటి నడుము మీద నిలవక జారిపోతే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. కానీ మెసేజ్ చెప్పే కారణాల్లో కొన్ని తప్పు, కొన్ని అరకొర.

మొదట ఆ "పాత రోజుల" సంగతి. అవి ఎప్పటివో మెసేజ్ చెప్పదు. రెడీమేడ్ బట్టలు బాగా ముందుగా పాతుకుపోయిన అమెరికానే తీసుకుందాం. అక్కడ 1930లలో ఎవరి నంబరు వాళ్ళదే. 1939లో వ్యవసాయ శాఖ ఒక సర్వే మొదలుపెట్టింది. బట్టలకూ వ్యవసాయానికీ ఏం సంబంధం అనిపిస్తుంది, గృహ విజ్ఞాన విభాగం అప్పట్లో ఆ శాఖలోనే ఉండేది మరి. దాదాపు 15,000 మంది ఆడవాళ్ళను నిలబెట్టి, ఒక్కొక్కరికీ 59 కొలతలు తీశారు. ఫలితాలు 1941లో అచ్చయ్యాయి. అందులో తెల్లజాతి వాళ్ళ కొలతలనే లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి, ఆ "సగటు ఆడమనిషి" ఎవరో మొదటి రోజు నుంచే తేడాగా ఉంది. తర్వాత కేటలాగు చూపించి పోస్టులో బట్టలు అమ్మే కంపెనీలు, తిరిగొచ్చే పార్శిళ్ళ బాధ పడలేక, మాకో ప్రమాణం కావాలని ప్రభుత్వాన్ని అడిగాయి. (ఆన్‌లైన్ రిటర్న్‌లు కొత్త తలనొప్పి అనుకునేవాళ్ళకు ఈ ముక్క వినిపించాలి.) ఆ ప్రమాణం 1958లో వచ్చింది, 1970 ప్రాంతంలో మార్పులు జరిగాయి, 1983లో ప్రభుత్వమే దాన్ని ఉపసంహరించుకుంది. మెసేజ్ కలవరించే స్వర్ణయుగం మొత్తం పాతికేళ్ళు, అదీ ఒక్క దేశంలో, అదీ ఎక్కువగా కాగితం మీద.

మన్రో విషయం ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. ఆవిడకు బట్టలు కుట్టినవాళ్ళ కొలతలని ఎప్పటినుంచో చెప్పుకునే అంకెలు 35-22-35. 22 అంగుళాల నడుము! ఇవాళ చాలా బ్రాండ్ల చార్టుల్లో అతి చిన్న సైజు నడుము కూడా ఇంచుమించు అంతో, అంతకంటే కాస్త ఎక్కువో ఉంటుంది. అప్పటి 16నీ ఇప్పటి 16నీ పక్కపక్కన పెట్టి పోల్చడమే ఇక్కడ తప్పు.

అయితే దీన్నిబట్టే మెసేజ్‌లోని రెండో మాటకు కొంత బలం వస్తుంది, అది దాచను. నంబర్లు నిజంగానే జారుతూ వచ్చాయి. పోస్టులో బట్టలు అమ్మిన అమెరికా కంపెనీ సియర్స్ 1937 నాటి కేటలాగులో 32 అంగుళాల ఛాతీకి సైజు 14. 1967కి వచ్చేసరికి అదే ఛాతీకి 8. 2011కల్లా అది 0. మనిషి మారలేదు, నంబరు సున్నాకు దిగింది. కొనేవాళ్ళు చిన్న నంబరు చూసి సంతోషిస్తారన్న లెక్క ఇందులో ఉంది, దీనికి వ్యానిటీ సైజింగ్ అని పేరు కూడా ఉంది. కాబట్టి "మురిపించడం" అబద్ధం కాదు.

తేడాలన్నిటికీ అదే కారణం అనడమే అబద్ధం. బట్ట ఎలా తయారవుతుందో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

ప్రతి బ్రాండుకూ ఒక ఫిట్ మోడల్ ఉంటుంది. ర్యాంప్ మీద నడిచే మోడల్ కాదు, శాంపిల్ బట్టలు వేసుకుని నిలబడి, "చంకలో లాగుతోంది, వీపు దగ్గర ఉబ్బుతోంది" అని చెప్పే మనిషి. బ్రాండు తన కొనుగోలుదారు ఎలా ఉంటుందని ఊహించుకుంటుందో ఈవిడ అలా ఉంటుంది. ఒక బ్రాండుకు పాతికేళ్ళ సన్నపాటి అమ్మాయి, ఇంకో బ్రాండుకు నలభై దాటి తుంటి నిండుగా ఉన్నావిడ. శాంపిల్ సరిపోయాక ఆ ఒక్క సైజు ప్యాట్రన్‌నే, అంటే బట్ట కోయడానికి వాడే నమూనానే, పైకీ కిందికీ పెంచుకుంటూ, తగ్గించుకుంటూ పోతారు. దీన్ని గ్రేడింగ్ అంటారు. మామూలుగా సైజుకూ సైజుకూ ఛాతీ, నడుము, తుంటి మూడూ ఒక్కోటి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున ఒకేసారి కదులుతాయి. మీ నడుము ఆ ఫిట్ మోడల్ నడుముకు సమానమే కావచ్చు, తుంటి మాత్రం వేరు. అలాంటప్పుడు ఆ బ్రాండ్‌లో మీరు ఎన్ని సైజులు మార్చినా ఒకచోట బిగుతు, ఒకచోట లూజు తప్పదు. ఇందులో మోసం లేదు. వాళ్ళు వేరే మనిషికి కుట్టారు, అంతే.

ఆపైన వదులు లెక్క ఉంది. ఒంటి కొలత, బట్ట కొలత ఒకటి కావు. 40 అంగుళాల ఛాతీకి చొక్కా 40 అంగుళాలే ఉంటే చేతులు ముందుకు చాపలేం. ఒక బ్రాండు నాలుగు అంగుళాలు వదులు ఇస్తుంది, వదులుగా వేలాడే ఫ్యాషన్ నమ్ముకున్న ఇంకో బ్రాండు ఎనిమిది ఇస్తుంది. సాగే బట్టయితే ఒంటికంటే బట్టే చిన్నదిగా కుడతారు, వేసుకున్నాక సాగి సరిపోతుంది. ఈ మూడింటి చార్టుల్లోనూ ఛాతీ 40 అనే ఉంటుంది, మూడూ నిజమే.

కోతలో, కుట్టులో వచ్చే తేడా ఇంకొకటి. బట్టను పదుల పొరలు పేర్చి ఒకేసారి కోస్తారు, కత్తి కిందికి దిగేకొద్దీ కొంచెం పక్కకు జరుగుతుంది. అందుకే ఫ్యాక్టరీలు ప్రతి కొలతకూ ఇంత అటూఇటూ ఫర్వాలేదని టాలరెన్స్ పెట్టుకుంటాయి. అది సెంటీమీటరు అనుకోండి. ఒక ముక్క సెంటీమీటరు ఎక్కువ, ఇంకోటి సెంటీమీటరు తక్కువ వచ్చినా రెండూ పాసే. సైజుకూ సైజుకూ తేడా నాలుగే సెంటీమీటర్లయినప్పుడు, ఒకే ర్యాక్‌లో పక్కపక్కన వేలాడే రెండు "ఎం" (మీడియం) సైజుల మధ్య అర సైజు తేడా ఉండొచ్చన్నమాట. రంగు అద్దకంలో, ఉతుకులో ఏ బట్ట ఎంత కుంచించుకుపోతుందన్నది దీనికి అదనం. ఒకే జీన్స్‌ను రెండు రంగుల్లో తీసుకుని ఒకటే పట్టలేదని తిట్టుకున్నవాళ్ళు నాకు చాలామందే తెలుసు.

ఇక మగవాళ్ళ ప్యాంట్లు. ఈ పాయింటు చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే మెసేజ్‌లో అన్నిటికంటే ధీమాగా చెప్పింది ఇదే. 2010లో ఎస్క్వైర్ పత్రిక తరఫున ఒకాయన టేప్ పట్టుకుని షాపులు తిరిగి, నడుము 36 అని రాసున్న ప్యాంట్లు కొలిచాడు. హెచ్ అండ్ ఎమ్‌ది 37 అంగుళాలు వచ్చింది. గ్యాప్‌ది 39, డాకర్స్‌ది 39న్నర, ఓల్డ్ నేవీది ఏకంగా 41. ఒక్కటీ 36 లేదు. ఆడవాళ్ళ సైజు 12 దేనికి 12 అంటే ఎవరూ చెప్పలేరు, అందుకని దాన్ని ఎవరూ నమ్మరు. మగవాళ్ళ లేబుల్ మాత్రం అంగుళాల వేషం వేసుకుని నమ్మిస్తుంది. నమ్మకం కలగక నేనూ అల్మరా తెరిచాను. 32 అని రాసున్న ప్యాంట్లు మూడు దొరికాయి. బొత్తాం పెట్టి, మంచం మీద పరిచి, నడుము పట్టీ ముందూ వెనకా సమానంగా లాగి, ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచి రెట్టింపు చేశాను: 33, 34 పావు, 35. మూడోదాన్ని బెల్టు లేకుండా ఎందుకు వేసుకోలేకపోతున్నానో ఆ రోజు అర్థమైంది, నేను చిక్కానని ఇంట్లో చెప్పుకున్న గొప్పలు కూడా పోయాయి. ప్యాంటు బొడ్డు దగ్గర కాకుండా కిందికి, తుంటి మీద కూర్చుంటే పట్టీ కాస్త పెద్దదిగా ఉండక తప్పదనేది కూడా నిజమే. కానీ 36ను 41 చేయడానికి ఆ సాకు చాలదు. కాలర్ కొలత రాసి అమ్మే ఫార్మల్ చొక్కాలు కొంత నయం, మెడ దగ్గర ఎక్కువ మురిపించడానికి చోటు ఉండదు కదా.

సేవ్ చేసుకోమన్న పట్టికలో బ్రిటన్ 12 అంటే అమెరికా 8, జర్మనీ 38, ఫ్రాన్స్ 40, ఇటలీ 44 అని ఉంది. నంబర్ల వరకు సరే, అలవాటులో ఉన్న మార్పిడి అదే. కానీ అది ఒక పేరును ఇంకో పేరుగా మార్చి చెబుతుంది, ఏ పేరు వెనకా ఎన్ని సెంటీమీటర్లున్నాయో చెప్పదు. ఉత్త "38" అని రాసుంటే అది జర్మనీ లెక్కా, ఫ్రాన్స్ లెక్కా అన్నదానికే ఒక సైజు తేడా వస్తుంది. పైగా ఒకే బ్రాండ్ కూడా నిలకడగా ఉండదు. కొనేవాళ్ళ ఫిర్యాదులతో 2018లో హెచ్ అండ్ ఎమ్ బ్రిటన్‌లో ఆడవాళ్ళ సైజులు సవరించింది, అంతకుముందు 12గా ఉన్న కొలత 10గా మారింది. ఆ ముందటి ఏడాది పట్టిక సేవ్ చేసుకున్నవాళ్ళ గతేమిటి?

చట్టం మాటకొస్తే, ప్రయత్నించనివాళ్ళు లేరు. లేబుల్ మీద సైజు నంబరు బదులు చిన్న మనిషి బొమ్మ వేసి, ఛాతీ, నడుము, తుంటి ఎన్ని సెంటీమీటర్లో పక్కన రాయమని యూరప్‌లో ఈఎన్ 13402 అనే ప్రమాణం 2000ల మొదట్లోనే వచ్చింది. చూడ్డానికి చక్కటి ఆలోచన, కానీ తప్పనిసరి కాదు. స్పెయిన్ ఇంకా ముందుకెళ్ళింది. అక్కడి ఆరోగ్య శాఖ పెద్ద బ్రాండ్లతో ఒప్పందం చేసుకుని, 12 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉన్న 10,415 మంది ఆడవాళ్ళను కొలిపించి, 2008లో ఫలితం చెప్పింది: ఆకారాలు ముఖ్యంగా మూడు రకాలు. పైనా కిందా సమానంగా ఉండేవాళ్ళు, నడుము సన్నంగా ఉండేవాళ్ళు, తుంటి వెడల్పుగా ఉండేవాళ్ళు. ఒకే ఛాతీకి మూడు ఆకారాలు, వాటికి తోడు పొడుగూ పొట్టీ కలిస్తే "ఒకే సైజు" ఎన్ని సైజులవుతుందో లెక్కేసుకోండి. అన్నీ కుట్టి ర్యాకుల్లో పెట్టే షాపు ఉండదు. అసలు కొలతలు లేబుల్ మీద రాయమని చట్టం అడిగితే నేనూ సంతకం పెడతాను. అందరూ ఒకే ఆకారానికి కుట్టాలని అడిగితే మాత్రం పెట్టను, ఆ ఒక్క ఆకారం నాది కాకపోవచ్చు.

మెసేజ్ పంపిన ముగ్గురిలో ఒకావిడ, "అయితే ఏం చూసి కొనాలి మరి?" అని అడిగింది. దర్జీకి ఆది ఇచ్చినట్టే, నీకు బాగా పట్టిన బట్ట ఒకటి తీసి నేల మీద పరుచు అన్నాను. పైబట్టయితే చంక నుంచి చంకకు, భుజం కుట్టు నుంచి కుట్టుకు, ప్యాంటయితే నడుము పట్టీ, తుంటి, తొడ, లోపలి కాలి పొడవు కొలిచి ఫోన్‌లో రాసి పెట్టుకో. బ్రాండు చార్టు ఇచ్చినప్పుడు అవి ఒంటి కొలతలా, బట్ట కొలతలా అని ముందు చూడు, చాలా చోట్ల ఒంటివే ఇస్తారు. బట్టవి ఇస్తే నీ ఆదితో నేరుగా పోల్చు. ఒంటివే ఇస్తే టేప్ నీ చుట్టూ తిప్పుకో, తుంటి కొలతకు నప్పే సైజు తీసుకో, ఎందుకంటే నడుము దగ్గర బిగించడం తేలిక, తుంటి దగ్గర వదలడానికి లోపల మార్జిన్ ఉండదు.

మర్నాడు ఫోటో పంపింది. నేల మీద ఆవిడ పాత నల్ల ప్యాంటు, పక్కన టేప్, కింద ఒక ప్రశ్న: "దీని మీద 10 అని ఉంది, నిన్న కొన్నదాని మీద 14. రెండూ సెంటీమీటరు కూడా తేడా లేదు. ఏ నంబరు నాది?"