దొడ్డిదారి వద్దు, ఫారడే సంచి కావాలి

ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం దగ్గర గంజాయి కారు పట్టుబడితే సరుకుతో పాటు ఫోన్లూ దొరుకుతాయి. పంపిందెవరో, అందుకోవాల్సిందెవరో వాటిలోనే ఉంటుంది. తెరుద్దామంటే లాక్. అందుకే దర్యాప్తు అధికారుల కోసం ప్రతి ఫోన్‌లోనూ లాక్‌ను దాటి లోపలికెళ్లే ఓ దొడ్డిదారి ఉంచాలన్న మాట మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. పోలీసుల ఇబ్బంది నిజమే, అడుగుతున్న మందు మాత్రం ప్రమాదకరం.

2016లో అమెరికాలోని శాన్ బెర్నార్డినో కాల్పుల కేసులో ఐఫోన్ 5సీ కోసం ఎఫ్‌బీఐ యాపిల్‌ను అడిగింది ఇదే. పదిసార్లు తప్పు పాస్‌కోడ్ కొడితే డేటా చెరిగిపోయే ఏర్పాటునూ, తప్పు కొట్టినకొద్దీ పెరిగే విరామాన్నీ తీసేసే సాఫ్ట్‌వేర్ రాసిమ్మంది. ఆ రెండూ లేకుంటే ఒక్కో ప్రయత్నానికి 80 మిల్లీసెకన్లు చాలు. నాలుగంకెల కోడ్‌లోని 10,000 అవకాశాలూ పావుగంటలోపే తేలిపోతాయి. ఆరంకెలైనా ఒక్క రోజు పట్టదు. యాపిల్ ఒప్పుకోలేదు. ఎఫ్‌బీఐ బయటివారి సాయంతో ఫోన్ తెరిపించుకుని మార్చిలో పట్టు వదిలింది.

ఒక ఫోన్‌లో లోపం వెతికి తెరవడం వేరు, అందరి ఫోన్లకూ పట్టే మారుతాళం చేయించి దాచుకోవడం వేరు. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ దాచుకున్న విండోస్ లోపం బయటికి పొక్కడం వల్లే 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ పుట్టింది. శ్రీకాకుళం సహా మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లే దానికి చిక్కాయి.

ఫోన్ చేతికందిన మొదటి గంటలో చేసే పొరపాట్ల వల్లా సాక్ష్యం చేజారుతుంది. ఆన్ చేశాక ఒక్కసారైనా లాక్ తీసిన ఫోన్‌లో ఎన్‌క్రిప్షన్ కీలు, అంటే డేటాను విప్పే తాళంచెవులు, మెమరీలో ఉంటాయి. ఫోరెన్సిక్ పరికరాలకు పట్టు దొరికేది అప్పుడే. స్విచ్ఛాఫ్ చేశారా, ఆ కీలు పోయినట్టే. ఐఓఎస్ 18.1 నుంచి మూడు రోజులు ఎవరూ తెరవకపోతే ఐఫోన్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, అప్పుడూ కీలు పోతాయి. స్టేషన్ బీరువాలో వారం ఉంచి విశాఖ ల్యాబ్‌కు పంపితే ఏం మిగులుతుంది?

సిగ్నల్ అందితే దూరం నుంచే డేటా చెరిపేయొచ్చు కాబట్టి ఫోన్‌ను సిగ్నల్ చొరబడనివ్వని ఫారడే సంచిలో పెట్టాలి. ఉత్తినే పెట్టినా లాభం లేదు: సిగ్నల్ వెతికి వెతికి బ్యాటరీ అయిపోతుంది. పవర్‌బ్యాంక్ తగిలించాలి, అదీ సంచి లోపలే. తీగ బయటికొస్తే యాంటెన్నాలా పనిచేస్తుంది. అక్కడికక్కడే వాట్సాప్ తెరిచి చూడడం ఇంకో తప్పు. చదివిన గుర్తులు, సమయాలు మారిపోతాయి, డిఫెన్స్ లాయర్ మొదట పట్టుకునేది వాటినే. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియోలో ఉండాలి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ, అంటే డేటా మారితే పట్టిచ్చే డిజిటల్ వేలిముద్ర, రాయాలి.

సరిహద్దు స్టేషన్లన్నిటికీ ఫారడే సంచులు, పవర్‌బ్యాంకులు, శిక్షణ పొందిన ఒక్కో కానిస్టేబుల్‌ను ఇవ్వాలి. పట్టుకున్న ఫోన్ 72 గంటలు దాటకముందే ల్యాబ్ బల్లమీదికి చేరాలని జిల్లా ఎస్పీ లిఖితపూర్వకంగా ఆదేశించాలి.