రక్షణ పరికరాలను రక్షించుకుందాం!

మన వాళ్ళకి భద్రత మీద శ్రద్ధ లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఉన్న ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి. మిషన్‌తో పాటు డబ్బాలో వచ్చిన కళ్ళజోడు ఇంకా కవర్లోనే, బీరువా మీద, ఒక్క గీత కూడా పడకుండా ఉంటుంది. తిరిగే తలకి అడ్డంగా బిగించాల్సిన నల్లటి ప్లాస్టిక్ గార్డు అటక మీద ఉంటుంది. మాన్యువల్ అయితే పట్టాదారు పాస్ పుస్తకం, కరెంటు బిల్లులు, పిల్ల పెళ్ళి శుభలేఖ ఉండే కవర్లో పదిలంగా ఉంటుంది, దాన్ని చేత్తో తాకినవాడు ఇంట్లో లేడు. రక్షణ పరికరాలకి ఇంత రక్షణ కల్పించే జనం ఇంకెక్కడైనా ఉంటే చూపించండి. రక్షణ లేనిదల్లా ఆ మిషన్ పట్టుకున్న మనిషికి. అయినా మనిషి డబ్బాలో రాలేదు కదా, రోజు కూలీకి వచ్చాడు.

గడ్డి మిషన్ అనండి, కలుపు మిషన్ అనండి, ఇప్పుడు ఇది లేని తోట లేదు. మామిడి తోటలో, కొబ్బరి తోటలో, వరి గట్ల మీద, టౌన్లో ఖాళీ ప్లాట్లలో ఇదే మోత. కలుపుకి మనుషులు దొరకరు, దొరికినా ఎండ నెత్తికెక్కే లోపే పని ఆపేస్తారు, కాబట్టి మిషన్ కొనడంలో తప్పేం లేదు. ప్రభుత్వం కూడా 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద ఇలాంటి వాటికి రైతు వర్గాన్ని బట్టి 40 నుంచి 50 శాతం దాకా రాయితీ ఇస్తోంది. బూట్లకి మాత్రం రాయితీ లేదు. అందుకే కాబోలు, మన పొలాల్లో ఇది హవాయి చెప్పులతో, పైకి ఎగ్గట్టిన లుంగీతో, మెడలో వేలాడే తుండుగుడ్డతో నడిచే మిషన్.

ముందు పెట్రోలు సంగతి చూద్దాం, ఎందుకంటే మనవాళ్ళ అసలు ప్రతిభ అక్కడే బయటపడుతుంది.

ఈ మిషన్లు రెండు రకాలు. టూ స్ట్రోక్ దానికి విడిగా ఆయిల్ పోసే చోటు ఉండదు. పెట్రోల్లో కలిపిన 2టీ ఆయిలే లోపలికెళ్ళి పిస్టన్‌కీ, బేరింగులకీ తడి ఇస్తుంది. మంచి ఆయిల్ అయితే 50:1 అంటారు, అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. కొన్ని మిషన్లకి, మామూలు ఆయిల్‌కి 25:1, అంటే 40 మిల్లీలీటర్లు. ఏది కావాలో ఆ మిషన్ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, మాన్యువల్ ఎక్కడుందో పైన చెప్పాను. కొలత కోసమే డబ్బాలో రెండు మూతుల తెల్ల సీసా ఒకటి పెట్టిస్తారు. దాని మీద పెట్రోలు ఇంతవరకు, ఆయిల్ ఇంతవరకు అని గీతలుంటాయి. ఆ సీసాలో ప్రస్తుతం ఇంటావిడ ఫినాయిల్ పోసి పెట్టుకుంది.

మరి పొలంలో కొలత ఎలా? మూత లెక్క. "రెండు మూతలు పొయ్యి" అంటాడు అయ్యగారు. ఏ సీసా మూత అని అడక్కూడదు. ఆయిల్ ఎక్కువైతే సైలెన్సర్ దోమల పొగ బండిలా వదులుతుంది, ప్లగ్గు మసి పట్టి ఆగిపోతుంది, అంతకంటే ప్రమాదం లేదు. తక్కువైతేనో, అసలు కలపడం మర్చిపోతేనో మిషన్ మొదట్లో చాలా హుషారుగా తిరుగుతుంది, ఆ హుషారు చూసి "ఆయిల్ లేకపోతేనే బాగుంది" అని ఒక సిద్ధాంతం కూడా తయారవుతుంది, ఇంతలో ఇంజిన్ పట్టేస్తుంది. సిలిండర్ విప్పి చూస్తే పిస్టన్ పక్కన నిలువునా గోళ్ళతో రక్కినట్టు గీతలు. విచిత్రం ఏంటంటే ఇలా చేసేవాళ్ళలో సగం మంది, బజాజ్ చేతక్ ఉన్న రోజుల్లో బంకుకి వెళ్ళి ఆయిల్ ఎంత కలపాలో పంపు కుర్రాడికే పాఠం చెప్పినవాళ్ళు.

రెండో రకం ఫోర్ స్ట్రోక్. దీనికి ఉత్త పెట్రోలే, ఆయిల్ ఇంజిన్లో విడిగా పొయ్యాలి, అదీ ఎంతో కాదు, 35 సీసీ దానికి ఓ 100 మిల్లీలీటర్లు. కొత్తది డబ్బాలోంచి వచ్చేటప్పుడు ఇంజిన్లో ఆయిల్ ఉండదని మూత మీదే ట్యాగు కట్టి పంపిస్తారు. మనవాళ్ళు ముందు ఆ ట్యాగు తెంపుతారు, అడ్డంగా ఉందని. తర్వాత తాడు లాగుతారు. అంతా సవ్యంగా జరిగిపోయిందని సెల్ఫీ కూడా దిగుతారు.

పెట్రోలు తెచ్చే విధానం గురించి ఎంత చెప్పినా తక్కువే. బంకులో ప్లాస్టిక్ సీసాల్లో పెట్రోలు పొయ్యం అని పెద్దక్షరాలతో బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కిందే నిలబడి సీసా ఇస్తాం. పొయ్యనంటే బైకు ట్యాంకులో పోయించుకుని పొలానికి తీసుకెళ్ళి, సన్న పైపు పెట్టి నోటితో పీలుస్తాం. గొంతులోకి గుక్క పోతే ఉమ్మేసి కాస్త మజ్జిగ తాగితే సరిపోతుందన్నది మన వైద్యం, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ఆస్పత్రి తప్ప వేరే దారి లేదన్నది డాక్టర్ల వైద్యం. తెచ్చిన పెట్రోలు మంచినీళ్ళ సీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో, సరిగ్గా మంచినీళ్ళు పెట్టుకునే చెట్టు కిందే ఉంటుంది. 2టీ ఆయిల్ కలిపాక దానికి ఏ ఎరుపో పచ్చో రంగు కూడా వస్తుంది కాబట్టి, ఎండలో దాహమేసిన పిల్లాడికి అది షర్బత్తులా కనిపిస్తే తప్పు పిల్లాడిదే.

గరాటా కావాలి కదా. ఇంకో నీళ్ళ సీసా తీసుకుని పైభాగం కొడవలితో కోస్తే గరాటా తయారు. దాని అంచు వంకర, మూతి సన్నం, పోసినదాంట్లో కొంత ట్యాంకులోకి, కొంత ఇంజిన్ మీదకి, కొంత లుంగీ మీదకి. పొయ్యడానికి ముందు ఇంజిన్ ఆపి చల్లారనివ్వాలంటారు. ఎందుకు చల్లారనివ్వం అంటే దానికో బలమైన కారణం ఉంది: "ఆపితే మళ్ళీ స్టార్టవ్వదండీ." కాబట్టి మిషన్ గుడగుడలాడుతూ ఉండగానే మూత తీసి పోస్తాం. పక్కనే సైలెన్సర్ పెనం కంటే ఎక్కువ కాగి ఉంటుంది. పెట్రోలు ఆవిరికి గాలికన్నా బరువెక్కువ, పైకి పోకుండా నేలబారున పాకుతుంది, కాస్త దూరంలో బీడీ ముట్టించుకున్న వాడి దగ్గరికి అదే వెతుక్కుంటూ వెళ్తుంది. అందుకే పోసిన చోటే స్టార్ట్ చెయ్యొద్దు, ఒలికింది తుడిచి, కనీసం పదడుగులు అవతలికి జరిగి తాడు లాగమంటారు. పదడుగులు! మిషన్ మోసుకుని! రోజంతా అదే మిషన్ మోసుకుని రెండెకరాలు తిరిగే మనిషిని పట్టుకుని పదడుగులు నడవమనడం అన్యాయం కదా.

స్టార్ట్ చేసే ఘట్టం. పద్ధతి ప్రకారం మిషన్‌ని చదునైన నేల మీద పెట్టాలి, తల దేనికీ తగలకుండా చూసుకోవాలి, పెట్రోలు లాగే ప్రైమర్ బుడ్డిని ఐదారు సార్లు నొక్కి చోక్ వెయ్యాలి, ఎడం చేత్తో ఇంజిన్‌ని కిందికి అదిమి పట్టి కుడిచేత్తో తాడు లాగాలి. చోక్‌తో స్టార్టయితే ఒక్కోసారి బ్లేడు వెంటనే తిరగడం మొదలెడుతుంది, నేల మీద పెట్టమనేది అందుకే. మనం మాత్రం గాల్లోనే పట్టుకుని లాగుతాం. లాగీ లాగీ ఇంజిన్ స్టార్టయిన క్షణంలో బ్లేడు ఎటు తిరిగి ఉందో, దాని ముందు ఎవరి మోకాలు ఉందో అది వాళ్ళ జాతకాన్ని బట్టి ఉంటుంది. అన్నట్టు ఆ బ్లేడు బిగించే నట్టు ఎడమ మర, అంటే మామూలు నట్టుకి తిరకాసు, కుడివైపు తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక అరగంట గింజుకుని చివరికి సుత్తి తీసుకున్న మహానుభావులు మన మధ్యే తిరుగుతున్నారు, పలకరించండి.

గార్డు ఎందుకు తీసేశారని అడిగితే అందరూ ఒకే మాట చెప్తారు: "గడ్డి చుట్టుకుంటోంది." నిజమే, చుట్టుకుంటుంది. గార్డు అంచున చిన్న కత్తి కూడా ఉంటుంది, బ్లేడుకి బదులు తలకి నైలాన్ దారం బిగించినప్పుడు దాని పొడవు పెరిగితే కొలత ప్రకారం కోసేస్తుంది. గార్డు పోతే దారం ఇష్టమొచ్చినంత పొడవు తిరుగుతుంది, ఇంజిన్ మీద భారం పడి వేడెక్కుతుంది, అప్పుడు మళ్ళీ "మిషన్లో దమ్ము లేదు" అంటాం. నైలాన్ దారం ఊరికే అరిగిపోతోందని కొందరు దాని స్థానంలో బైకు క్లచ్ వైరు బిగిస్తున్నారు. ఒక చిన్న లెక్క చెప్తాను. తల నిమిషానికి 7 వేల చుట్లు తిరుగుతూ, దారం 40 సెంటీమీటర్ల వ్యాసంలో తిరిగితే, దాని కొస వేగం గంటకి 500 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంతో ఇనుప తీగలోంచి ఒక పుల్ల విరిగితే అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు, ఎక్కడ దిగిందో మాత్రం ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఇక ఖాళీ ప్లాట్లయితే చెప్పనే అక్కర్లేదు. రాత్రుళ్ళు కూర్చున్న పెద్దమనుషులు వదిలిపెట్టిన బీరు సీసాల పెంకులు గడ్డిలో దాక్కుని మిషన్ కోసమే ఎదురుచూస్తుంటాయి. కొయ్యబోయే ముందు ఒకసారి నడిచి రాళ్ళూ, పెంకులూ ఏరమంటారు. ఏరడానికి ఇంకో మనిషికి కూలీ ఎవరిస్తారు?

అయితే ఒక్క నియమం మాత్రం మన రాష్ట్రాల్లో నూటికి నూరుపాళ్ళు అమలవుతోంది. మిషన్ గొట్టం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, ఇద్దరు మనుషుల బొమ్మలు, మధ్యలో బాణం గుర్తు, 15 మీటర్లు. నడుస్తున్న మిషన్‌కి 15 మీటర్ల లోపు ఇంకెవరూ ఉండకూడదని. దీన్ని తు.చ. తప్పకుండా పాటించేది మిషన్ యజమాని. కుర్చీ వేప చెట్టు కింద వేయించుకుంటారు, అది కొలిచినా 15 మీటర్లకి తగ్గదు. కారు ఉంటే దాన్ని ఇంకా దూరంగా తీయిస్తారు, రాయి ఎగిరి అద్దానికి తగిలితే ఎంత ఖర్చో ఆయనకి తెలుసు కాబట్టి. అక్కణ్ణించే కేకేస్తారు, "జాగ్రత్తరోయ్!" అని. ఇంజిన్ మోతలో ఆ మాట ఎవరికీ వినపడదు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఇవ్వకపోయినా వినపడదు. కూలీ కళ్ళల్లో వయ్యారిభామ పొడి పడి నీళ్ళు కారుతుంటే తుండుగుడ్డతో తుడుచుకుంటాడు. కళ్ళజోడు అడిగితే ఏమంటారో ఒకచోట విన్నాను: "అది కొత్తదయ్యా, పాడవుతుంది."

పని అయ్యాక మిషన్‌ని దించి గోడకి తగిలిస్తాం, ట్యాంకులో మిగిలిన పెట్రోలుతో సహా. పారబోస్తామా, లీటరు వంద పైన ఉంది. ఎక్కువ రోజులు వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్లో ఉన్నది కూడా అయిపోయేదాకా నడిపి ఆపమని కంపెనీ వాడు మొత్తుకుంటాడు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, చాలా మాన్యువల్స్ 10 శాతం దాటొద్దంటాయి, ఆ ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది, నెలల తరబడి అలాగే ఉంటే నీళ్ళు విడిపోయి అడుగుకి చేరతాయి, కార్బురేటర్లో రబ్బరు పొరలు బిగుసుకుపోతాయి. తొలకరి పడగానే మిషన్ దించి తాడు లాగడం మొదలవుతుంది. అయ్యగారు లాగుతారు, అబ్బాయి లాగుతాడు, దారిన పోయేవాళ్ళు ఆగి ఒక చెయ్యి వేస్తారు, తాడు తెగుతుంది. మెకానిక్ విప్పి చూసి, "ఆయిల్ కలిపారా?" అంటాడు. "కలిపాం." "ఎంత?" "సరిపడా." అతను ఇంకేం అడగడు, కార్బురేటర్ కిట్టు మార్చాలంటాడు, పిస్టన్ కూడా చూపిస్తాడు. ఊరంతా కలిసి నేరం ఎవరిదో తేల్చేస్తారు: చైనా మాల్.

ఈలోపు గడ్డి నడుమెత్తు లేచింది. మిషన్ల గొడవ మనకెందుకులే, గడ్డి మందు కొట్టించేద్దాం అంటున్నారు అయ్యగారు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు ఎవరుబడితే వాళ్ళు కొట్టకూడదని, శిక్షణ ఉన్న తెగుళ్ళ నివారణ ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చిందండీ అంటే, కొట్టేది నేను కాదుగా అంటారు. పోనీ కొట్టేవాడికి మాస్కు ఇస్తారా అంటే, తుండుగుడ్డ ఉందిగా అంటారు.