పాకాల చెరువులో నీలి అలలా?

వరంగల్ ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫోటో తెగ తిరుగుతోంది. చీకట్లో నీలంగా వెలుగుతున్న అల, దాని కింద ఈ మాటలు: ‘మన పాకాల చెరువే. నీటిలోని భాస్వరం వల్ల ఇలా మెరుస్తోంది. పున్నమి రాత్రి వెళ్లండి, ఫోను చాలు. ఎడిటింగ్ లేదు.’ దీన్ని నమ్మి పిల్లాపాపలతో రాత్రిపూట అభయారణ్యం దారి పట్టేవాళ్లు ఉంటారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

‘పాకాల చెరువే.’ కాదు. ఫోటోను పెద్దది చేసి చూడండి. అల విరిగి, నురగతో ఇసుక మీదికి పరుచుకుంటోంది. గణపతిదేవుని కాలం నాటి ఆ మంచినీటి చెరువులో అలా విరిగే కెరటాలెక్కడివి? మన తీరాల్లో సముద్రాన్ని ఇలా వెలిగించేది ఎక్కువగా నాక్టిలూకా అనే ఏకకణ జీవి. అది ఉప్పునీటిలోనే బతుకుతుంది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో కనిపించింది ఇలాంటి వెలుగే.

‘భాస్వరం వల్ల.’ ఎరువుల నుంచి చెరువుల్లో చేరే భాస్వర లవణాలు, అంటే ఫాస్ఫేట్లు, వెలగవు. నాక్టిలూకా కణం కుదుపుకు గురైనప్పుడు అందులోని లూసిఫెరిన్ అనే రసాయనం ఆక్సిజన్‌తో కలిసి కాంతినిస్తుంది. మిణుగురులో జరిగేదీ ఈ కోవకు చెందిన చర్యే. ఆ మెరుపు సెకనులో పదో వంతు కూడా నిలవదు. అందుకే అల విరిగిన చోట, అడుగు పడిన చోట మాత్రమే వెలుగు.

‘పున్నమి రాత్రి.’ పూర్తిగా తలకిందులు. వెన్నెలలో ఆ కాస్త వెలుగూ కలిసిపోతుంది. సముద్రానికి వెళ్లినా అమావాస్య దగ్గర్లోనే వెళ్లాలి, వీధిదీపాలకు దూరంగా నిలబడాలి.

‘ఫోను చాలు, ఎడిటింగ్ లేదు.’ ఇందులో కొంత నిజముంది. నైట్ మోడ్ ఉన్న ఫోనును కదలకుండా నిలబెడితే ఏదో ఒకటి పడుతుంది. కెమెరా అయితే ట్రైపాడ్ మీద పెట్టి, ఎఫ్ 2.8 లేదా అంతకంటే పెద్ద అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దది), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200, ఐదారు సెకన్ల ఎక్స్‌పోజర్‌తో (షట్టర్ తెరిచి ఉంచే సమయం) మొదలుపెట్టండి. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది కాబట్టి దూరంగా ఉన్న దీపం మీద చేత్తోనే ఫోకస్ కుదర్చండి. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ వందల మెరుపులు ఒకదానిపై ఒకటి చేరతాయి. మసక వెలుతురులో మన కంటికి రంగులు సరిగా తెలియవు. అందువల్ల ఎడిటింగ్ చేయకపోయినా ఫోటోలో ముదురు నీలంగా ఉన్నది ఒడ్డున నిలబడి చూస్తే చాలాసార్లు పాలిపోయిన తెలుపులా కనిపిస్తుంది. చెన్నైకో విశాఖకో టికెట్లు కొనేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.